మే నెల కరెంటు బిల్లు, పెట్రోలు, గ్యాస్ కలిపి పదిహేను వేలు దాటింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మిర్చియార్డు_రోడ్ (గుంటూరు)
అందరికీ నమస్కారం. మాది సొంత ఇల్లు, పై అంతస్తులో ఉంటాం. నేను, నా భార్య, స్కూలుకెళ్లే బాబు, మా అమ్మ. మే నెలలో 420 యూనిట్లు కాలింది, అన్నీ కలిపి బిల్లు మూడు వేల మూడు వందలు దాటింది. పాత ఏసీ ఒకటి (ఇన్వర్టర్ రకం కాదు), ఫ్యాన్లు నాలుగు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కరెంటు పోతే పనికొచ్చే ఇన్వర్టర్, బోరు మోటారు. గీజర్ ఎండాకాలంలో వాడం.

దీనికి తోడు నా ఉద్యోగం విజయవాడలో. పాత పెట్రోలు కారులో రోజూ వెళ్లి వస్తాను, రానూపోనూ డెబ్భై కిలోమీటర్లు. లీటరుకు 16 వస్తోంది. నెలకు పదకొండు వేల పైన పెట్రోలుకే పోతోంది.

అమ్మ ఎండకు తట్టుకోలేదు. ఏసీ మానేయమని తప్ప ఏం చెప్పినా చేస్తాను.

లెక్కల_మాస్టారు (ఒంగోలు)
ముందు బిల్లును విడదీసి చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల రేట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ 420 యూనిట్లను ఇందులో పెడితే మొదటి 225 యూనిట్లకు పడింది 1,017 రూపాయలు. మిగిలిన 195 యూనిట్లకు 1,726 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ, సర్దుబాటు చార్జీలు వేరే.

అంటే మీరు తగ్గించే ప్రతి యూనిట్టూ ముందు పై మెట్టు నుంచే పోతుంది. మీ ఇంట్లో ఒక యూనిట్ ఆదా అయితే కనీసం ఎనిమిది ముప్పావు మిగులుతుంది. మా ఇంట్లో నెలకు 110 యూనిట్లు కాలుతుంది, నాకు మిగిలేది నాలుగున్నరే. ఏ వస్తువు కొంటే ఎన్నాళ్లకు గిట్టుబాటు అవుతుందో చూసేటప్పుడు ఈ రేటుతోనే లెక్క వేయాలి. పక్కింటివాళ్లకు గిట్టింది మనకు గిట్టాలని లేదు.

ఓరుగల్లు_రవ్వ (హనుమకొండ)
అన్నా, ఎట్లయినా 200 లోపల ఆపేటట్టు చూడు. 200 దాటిందంటే మొత్తం రేటే మారిపోతుంది. మా ఇంట్లో నెలాఖరుకు మీటర్ చూసుకుంటూ ఉంటాం.

లెక్కల_మాస్టారు (ఒంగోలు)
రవ్వ గారూ, మీరు చెప్పింది తెలంగాణకు పూర్తిగా నిజం. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మీకు 200 యూనిట్లకు మొదటి వంద 3.40, రెండో వంద 4.80 చొప్పున 820 రూపాయలు. అదే 201 అయితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడి, 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైన తేడా! గుంటూరు ఆయనకు అలాంటి గోడ లేదు. 225 దాటినా పైన కాలిన వాటికే పెద్ద రేటు. కాబట్టి ఆయన ఫలానా అంకె దగ్గర ఆగాలని టెన్షన్ పడక్కర్లేదు. ఎంత తగ్గితే అంత లాభం.

ఓరుగల్లు_రవ్వ (హనుమకొండ)
సరే మాస్టారు, తేడా అర్థమైంది. మా దిక్కు చదివేవాళ్ల కోసం ఇంకో మాట. గృహజ్యోతి ఉన్నవాళ్లకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. కానీ 201 వచ్చిన నెల పూర్తి బిల్లు కట్టాల్సిందే. ఎండాకాలంలో ఇరవయ్యో తారీఖుకల్లా మీటర్ చూస్తే ఇంకా ఎంత మిగిలిందో తెలుస్తది. ఆఖరి రెండు రోజుల్లో చూసి లాభం లేదు.

మీటర్‌బోర్డు_బాబాయ్ (ఏలూరు)
నేను వైరింగ్ పని చేస్తాను. కొత్త వస్తువు ఏదీ కొనకముందు ఒక పని చెయ్యండి బాబూ, పైసా ఖర్చు లేదు.

మీటర్ మీద ఎర్ర లైటు ఒకటి మెరుస్తుంటుంది. దాని పక్కనే ఇంప్/కేడబ్ల్యూహెచ్ అని ఒక అంకె ఉంటుంది, చాలా వాటికి 3200. ఒక యూనిట్ కాలేసరికి ఆ లైటు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీ, ఏసీ అన్నీ కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి, ఒక మెరుపుకూ ఇంకో మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 1125ను ఆ సెకన్లతో భాగిస్తే అప్పుడు ఎన్ని వాట్లు కాలుతోందో వస్తుంది. పది సెకన్లకు ఒకటి మెరిస్తే 112 వాట్లు. ఏమీ వాడని ఇంట్లో అంత కాలకూడదు.

మీటర్‌ను ముట్టుకోవద్దు, సీలు జోలికి పోవద్దు, చూడటమే. మెయిన్ స్విచ్ దించినా లైటు మెరుస్తూనే ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

మిర్చియార్డు_రోడ్ (గుంటూరు)
బాబాయ్ గారూ, రాత్రి అందరూ పడుకోకముందు చూశాను. మాది 3200 మీటరే. అన్నీ కట్టేసినా పన్నెండు సెకన్లకోసారి మెరుస్తోంది. అంటే 94 వాట్లు. దేనికి పోతోందో తెలియలేదు. తర్వాత ఒక్కో ప్లగ్గే తీస్తూ వచ్చాను. ఇన్వర్టర్‌కు వెళ్లే లైను కట్టేయగానే యాభై సెకన్లకు ఒకటి అయింది!

మీటర్‌బోర్డు_బాబాయ్ (ఏలూరు)
దొరికింది. మిగిలిన ఇరవై రెండు వాట్లు వైఫై డబ్బా, సెట్‌టాప్ బాక్స్ లాంటివి అయి ఉంటాయి. ఇన్వర్టర్ ఒక్కటే డెబ్భై వాట్లు లాగుతోంది. బ్యాటరీ ముసలిదైతే ఎంత చార్జింగ్ ఇచ్చినా నిండదు, ఇన్వర్టర్ రాత్రింబవళ్లు నింపుతూనే ఉంటుంది. బ్యాటరీ మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుందా? డిస్టిల్డ్ వాటర్ తొందరగా అయిపోతోందా? రెండూ అవునంటే దాని పని అయిపోయింది. డెబ్భై వాట్లు నెలంతా అంటే యాభై యూనిట్లు.

ఇప్పుడు కరెంటు కోత ఎంతసేపు ఉంటోందో చూసుకుని బ్యాటరీ కొనండి. కోతలు గంటల తరబడి ఉన్న రోజుల్లో పెట్టిన పెద్ద బ్యాటరీలే చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లకు అంతది అక్కర్లేదు. పాత బ్యాటరీని కొట్లో ఇస్తే రేటు తగ్గిస్తారు.

మిర్చియార్డు_రోడ్ (గుంటూరు)
వేడిగానే ఉంది. నీళ్లు కూడా తరచూ పోయాల్సి వస్తోంది. మార్చేస్తాను. మాస్టారి లెక్క ప్రకారం ఇదొక్కటే నెలకు నాలుగు వందల పైన. ఇన్నాళ్లూ ఏసీ మీదే అనుమానం.

బాల్కనీ_తులసి (కూకట్‌పల్లి)
తమ్ముడూ, ఫ్యాన్లు కూడా చూడు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) ఫుల్ స్పీడ్‌లో ముప్పై చుట్టుపక్కల. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్ అయితే నెలకు ఇరవై యూనిట్లు తగ్గుతాయి. మీ రేటుకు 175 రూపాయలు, అంటే ఏడాదిన్నర లోపే ఫ్యాన్ డబ్బు వచ్చేస్తుంది. నాలుగూ ఒకేసారి మార్చొద్దు. అమ్మ గదిలోది, హాల్లోది మార్చు. ఎప్పుడో ఒకసారి తిరిగే వంటగది ఫ్యాన్ పాతదే ఉండనీ. ఇంకోటి, వీటికి పాత గోడ రెగ్యులేటర్ పనికిరాదు, తీసేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పు.

మా బావగారు ఆన్‌లైన్‌లో ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బా కొన్నారు, బిల్లు సగం అవుతుందని ప్రకటన చూసి. అదేమైనా పనిచేస్తుందా బాబాయ్?

మీటర్‌బోర్డు_బాబాయ్ (ఏలూరు)
చెయ్యదమ్మా. లోపల చిన్న కెపాసిటర్, ఒక లైటు ఉంటాయి. అది సరిచేస్తానని చెప్పే పవర్ ఫ్యాక్టర్‌కు ఇళ్లకు బిల్లు వెయ్యరు. మన మీటర్ నిజంగా కాలిన యూనిట్లనే లెక్కపెడుతుంది. ఆ డబ్బా పెట్టి, తీసి, ఇందాక చెప్పినట్టు మెరుపులు లెక్కపెట్టమనండి, తేడా ఉండదు. నాసిరకం కెపాసిటర్ వేడెక్కితే ప్లగ్గు కాలుతుంది. తీసేయమనండి.

చలివేంద్రం (నెల్లూరు)
ఏసీ సంగతి. నేను సర్వీసింగ్ చేస్తాను. మీరు మానక్కర్లేదు, 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) చెబుతోంది. 22 నుంచి 26కి వస్తే పావు వంతు. పెద్దవాళ్లకు రాత్రంతా 22లో పడుకుంటే ఒళ్లు నొప్పులు కూడా వస్తాయి. స్టార్ లేబుల్ ఏసీలన్నీ 2020 జనవరి నుంచి ఆన్ చేయగానే 24 చూపించేలా రావాలన్నది నిబంధనే.

ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి, అది ఇంట్లోవాళ్లు చేసుకునే పనే. బయట యూనిట్ ముందు, వెనకాల బట్టలు ఆరేయడం, పాత సామాన్లు పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాను. వేడి బయటకు పోయే దారి మూసేస్తే కంప్రెసర్ ఆగదు.

మీరు పై అంతస్తు అన్నారు. అసలు రోగం అక్కడ ఉంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. ఏసీ సగం ఆ వేడితోనే కొట్లాడుతుంది. స్లాబు మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటు గానీ, అంత డబ్బు వద్దనుకుంటే చిక్కటి సున్నం రెండు పూతలు గానీ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్‌రూఫ్ పాలసీయే తెచ్చింది. సున్నం వానలకు పోతుంది, ప్రతి ఫిబ్రవరిలో మళ్లీ వేసుకోవాలి. అయినా చవకే. పడమటి కిటికీకి బయట వైపు చాప గానీ, గ్రీన్ నెట్ గానీ కట్టండి. లోపల కర్టెన్ కంటే బయట నీడ బాగా పనిచేస్తుంది, ఎండ అద్దం దాకా రాదు కాబట్టి.

మిర్చియార్డు_రోడ్ (గుంటూరు)
కొత్త ఇన్వర్టర్ ఏసీ కొంటే?

చలివేంద్రం (నెల్లూరు)
మీది రాత్రిపూట, ఏడాదికి నాలుగైదు నెలలే కదా. పాతది బాగా చల్లబరుస్తుంటే దాన్ని పాడయ్యేదాకా వాడండి. ముందు స్లాబుకు సున్నం. కొనే రోజు వచ్చినప్పుడు స్టార్‌లతో పాటు లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసి ఉందో చదవండి. పాత సంవత్సరం ఐదు స్టార్లు, కొత్త సంవత్సరం ఐదు స్టార్లు ఒకటి కాదు, లేబుల్ మీద కాలం చూసి కొనాలి.

పుష్కరాల_రేవు (రాజమండ్రి)
గ్యాస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. సిలిండర్ తొమ్మిది వందలు దాటాక మా ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మీదకు మారదామని మా ఆయన అంటున్నారు. లాభమా?

లెక్కల_మాస్టారు (ఒంగోలు)
అమ్మా, ఇది కూడా మెట్టును బట్టే. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. పొయ్యి మీద గిన్నెకు చేరేది అందులో మూడింట రెండు వంతులే, మిగతాది పక్కలకు పోతుంది. ఇండక్షన్‌లో ఎనభై ఐదు శాతం దాకా గిన్నెకే వెళ్తుంది. రెండూ సరిచూస్తే ఒక సిలిండర్ వంటకు 140 యూనిట్లు కావాలి. ఆరు రూపాయల మెట్టులో అది 840, పైగా యూనిట్‌కు పడే సర్దుబాటు చార్జీలు. దాదాపు సరికి సరి. 8.75 మెట్టులో అయితే 1,225, నష్టమే. ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్లకు లెక్క వేరు. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చేవాళ్లయితే అసలు ఆలోచించక్కర్లేదు.

పుష్కరాల_రేవు (రాజమండ్రి)
అయితే గ్యాస్ మీదే ఉంటాం. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నవి చెబుతాను. కందిపప్పు అరగంట, శనగలు రాత్రంతా నానబెట్టకుండా కుక్కర్ ఎక్కించం. ఒకే కుక్కర్‌లో గిన్నెల మీద గిన్నెలు పెట్టి పప్పు, అన్నం, బంగాళాదుంపలు ఒక్కసారే. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టాలి. ఆ తర్వాత పెద్ద మంట పెట్టినా తొందరగా ఉడకదు, ఆవిరి బయటకు పోవడమే. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, పిండి కాసేపు బయట పెట్టి తర్వాతే పొయ్యి ఎక్కిస్తాం. మంట పసుపుగా వచ్చి గిన్నె అడుగు మసిబారితే బర్నర్ రంధ్రాలు పూడిపోయినట్టు. పిన్నుతో శుభ్రం చేసి, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాకే పెట్టాలి. మా ఇంట్లో సిలిండర్ వారం పది రోజులు ఎక్కువ వచ్చేది వీటివల్లనే.

హైవే_నెం16 (మంగళగిరి)
నేనూ మీ దారిలోనే తిరుగుతాను గుంటూరు గారూ. మీ ఇంట్లో కరెంటు ఎంత తగ్గించినా వెయ్యి, పన్నెండు వందలు. అసలు డబ్బు కారులో పోతోంది.

గుంటూరు నుంచి విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్లు. వందలో వెళ్తే 21 నిమిషాలు, డెబ్భై అయిదులో వెళ్తే 28. ఏడు నిమిషాల తేడా. అదీ లెక్కలోనే, ఎందుకంటే తాడేపల్లి దాటాక వారధి మీద అందరం ఒకే వరుసలో ఆగాల్సిందే. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకోవడం దాని వర్గంలో పెరుగుతుంది, పెట్రోలు దానికే కాలుతుంది. మీ కారు లాంటివాటికి డెబ్భై అయిదు దగ్గర స్థిరంగా నడిపితే 19 రావడం కష్టమేం కాదు. 16 నుంచి 19కి వస్తే నెలకు పదహారు లీటర్లు మిగులుతాయి. లీటరు 110 అనుకున్నా 1,800 దాకా.

టైర్లలో గాలి వారానికోసారి, పొద్దున బండి తీయగానే, టైరు చల్లగా ఉండగా కొట్టించండి. ఎంత కొట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. బంకులో కుర్రాడు అందరికీ ఒకే అంకె కొడతాడు, మీరే చెప్పండి. డిక్కీలో ఉన్న సామాను దించండి. క్లచ్ మీద కాలు తీసేయండి. సిగ్నల్ దగ్గర అర నిమిషం పైన ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపండి.

మైలేజీ మాత్రం డ్యాష్‌బోర్డు చూపించేది నమ్మకుండా, ట్యాంక్ నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించేదాకా తిరిగిన కిలోమీటర్లు, పట్టిన లీటర్లతో లెక్క వేయండి. ఒకే బంకులో, ఆటోమేటిక్‌గా ఆగిన చోటే ఆపించాలి.

కోటిపల్లి_బస్సు (కాకినాడ)
ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక అందరికీ మైలేజీ పడిపోయింది. డ్రైవింగ్ ఎంత మార్చినా ఏం లాభం?

హైవే_నెం16 (మంగళగిరి)
కొంత నిజమే. ఇథనాల్‌లో పెట్రోలుకంటే లీటరుకు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. అయిదో వంతు కలిపితే లెక్క ప్రకారం ఆరేడు శాతం తగ్గొచ్చు. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా పాత రకం ఇంజిన్ల కార్లకు ఆరేడు శాతం, ఈ20కి సరిచేసిన కొత్తవాటికి ఒకటి రెండు శాతమే అంది. అది మన చేతిలో లేదు. వేగం, గాలి, ఆగిన చోట ఇంజిన్ ఆపడం మన చేతిలో ఉన్నాయి, వాటి వాటా ఇంతకంటే పెద్దది. పాత కారైతే రబ్బరు పైపులు, ఫ్యూయల్ ఫిల్టర్ సర్వీసింగ్‌లో చూపించుకోండి.

కోటిపల్లి_బస్సు (కాకినాడ)
మా వాళ్లు యానాం వెళ్లి కొట్టించుకొస్తారు. పుదుచ్చేరి పన్ను కదా, లీటరుకు పది రూపాయల పైన తక్కువ.

లెక్కల_మాస్టారు (ఒంగోలు)
పని మీద వెళ్లినప్పుడు కొట్టించుకుంటే లాభమే. దానికోసమే వెళ్తే? 35 లీటర్లకు మిగిలేది 350, కొంచెం పైన. కాకినాడ నుంచి వెళ్లి రావడానికి అరవై కిలోమీటర్లు, నాలుగు లీటర్లు ఖర్చు. అక్కడికక్కడే సరిపోయింది, ఒక పూట కూడా పోయింది.

బంకు కొలత మీద అనుమానం ఉంటే అక్కడే అయిదు లీటర్ల ముద్ర వేసిన కొలత పాత్ర ఉంటుంది, అడిగితే కొలిచి చూపించాలి. 25 మిల్లీలీటర్లకు మించి తక్కువ వస్తే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. గొడవ పడక్కర్లేదు, మర్యాదగా అడగండి, అది మన హక్కు.

బాల్కనీ_తులసి (కూకట్‌పల్లి)
తమ్ముడూ, గుంటూరు నుంచి రైలు లేదా?

మిర్చియార్డు_రోడ్ (గుంటూరు)
ఉందక్కా. ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర, స్టేషన్ నుంచి సిటీ బస్సు ఎక్కాలి. రెండు రోజుల పెట్రోలు డబ్బుకు నెల సీజన్ టికెట్ వచ్చేస్తుంది, అది నిజం. కానీ సాయంత్రం ఆలస్యమైతే అమ్మకు మందుల వేళ దాటిపోతుందని కారు మానలేకపోతున్నాను. మా వీధిలోనే ఇంకో ఇద్దరు విజయవాడ వెళ్తారు. వాళ్లతో మాట్లాడాను. వారానికొకరు చొప్పున ఎవరి కారు వాళ్లు తీసేలా అనుకుంటున్నాం. డబ్బులు తీసుకోవడం లేదు, వంతులే.

హైవే_నెం16 (మంగళగిరి)
అదే మంచి పద్ధతి. సొంత నంబర్ ప్లేటు బండిలో చార్జీ తీసుకుంటే చిక్కు, వంతులైతే ఏ గొడవా లేదు. మీ పెట్రోలు ఖర్చు మూడో వంతుకు వస్తుంది. నేను పైన చెప్పినవన్నీ కలిపినా ఇంత రాదు.

డాబా_మీద_ఎండ (తిరుపతి)
సొంత ఇల్లు, పైన డాబా అన్నారు కాబట్టి సోలార్ ఆలోచించండి. పీఎం సూర్యఘర్‌లో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు గానీ ఆపైన గానీ 78 వేలు సబ్సిడీ. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వేసుకోండి. మేం మూడు కిలోవాట్లు పెట్టాం, ఎండాకాలంలో బిల్లు దాదాపు లేనట్టే.

ఇప్పుడే కొటేషన్ తీసుకోకండి. బ్యాటరీ, ఫ్యాన్లు, సున్నం అయ్యాక నెలకు ఎన్ని యూనిట్లు కాలుతోందో చూసి అప్పుడు సైజు తేల్చండి. 420కి మూడున్నర కిలోవాట్లు కావాలి, 280కి రెండున్నర చాలు. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం మూడు దాకా ఎక్కడ పడుతుందో చూసుకోండి. ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా ఆ వరుసంతా తగ్గే అవకాశం ఉంది. మిర్చి ధూళి ఉండే ఊరు, వారానికోసారి పొద్దున్నే, ప్యానెళ్లు వేడెక్కకముందే కడగాలి.

మిర్చియార్డు_రోడ్ (గుంటూరు)
అందరికీ ధన్యవాదాలు. బ్యాటరీ మార్చాను. అమ్మ గదిలో, హాల్లో ఫ్యాన్లు మారాయి. ఏసీ 26లో పెడితే అమ్మే దుప్పటి అక్కర్లేదు, హాయిగా ఉందంది. సున్నానికి మేస్త్రీతో మాట్లాడాను, వానలు పడేలోపే వేస్తానన్నాడు. ఈ నెల బిల్లు రాగానే ఇక్కడ పెడతాను.

ఓరుగల్లు_రవ్వ (హనుమకొండ)
బాబాయ్, మా మీటర్ మీద 3200 లేదు, 1600 అని ఉంది. మరి 1125 లెక్క పనికొస్తదా?

మీటర్‌బోర్డు_బాబాయ్ (ఏలూరు)
పనికిరాదు. 1600 అయితే 2250ని సెకన్లతో భాగించండి. 6400 అయితే 562. ఏ అంకె ఉన్నా 36 లక్షలను ఆ అంకెతో భాగిస్తే మీకు కావలసింది వస్తుంది. బోరు మోటారు ఆగి ఉన్నప్పుడు చూడండి, ఫ్రిజ్ ప్లగ్ తీయడం మర్చిపోవద్దు.